ఊరి బాట పట్టిన ఎం.ఏ.

1942లో బొంబాయిలో 'మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ ఇన్ మైసూర్' అనే పుస్తకం అచ్చయింది. రచయిత ఎం.ఎన్. శ్రీనివాస్‌కు అప్పటికి పాతికేళ్లు. మైసూరు సీమలోని కన్నడ కులాల పెళ్లి తంతులు, కుటుంబ కట్టుబాట్లు అందులోని విషయం. పుస్తకంలోని సంగతుల కన్నా దాని పుట్టుక ఇప్పటి చదువరికి ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది. బొంబాయి విశ్వవిద్యాలయంలో సోషియాలజీ ఎం.ఏ. పట్టా కోసం 1938 నాటికి రాసి ఇచ్చిన వ్యాసమే నాలుగేళ్లకు పుస్తకమైంది. చివరి సెమిస్టర్‌లో పరీక్షల ముందు హడావిడిగా బైండు చేయించి ఇచ్చే నేటి ప్రాజెక్టు రిపోర్టును దాని పక్కన పెడితే, రెండూ ఒకే పట్టా కోసం రాసినవంటే నమ్మడం కష్టం. విద్యార్థులు మందగించారని అనుకుంటే సులువుగా ఉంటుంది కానీ అది సరైన సమాధానం కాదు. ఎం.ఏ. నుంచి మనం ఆశించేదే ఈ నూరేళ్లలో రెండు మూడు సార్లు మారింది. మారిన తీరు తెలియాలంటే మన దేశంలో ఈ చదువు ఎలా మొదలైందో చూడాలి.

మన దేశంలో సోషియాలజీ శాఖలు తెరుచుకోక ముందే మన సమాజం మీద విద్యార్థి దశలో రాసిన గొప్ప వ్యాసం ఒకటి న్యూయార్క్‌లో వినిపించింది. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుతున్న భీమరావ్ అంబేడ్కర్ 1915లో ఎం.ఏ. పూర్తి చేశారు. ఆయన ప్రధాన విషయం అర్థశాస్త్రమే అయినా సోషియాలజీ, చరిత్ర, మానవశాస్త్రం పాఠాలు కూడా విన్నారు. మరుసటి ఏడు మే 9న మానవశాస్త్రవేత్త అలెగ్జాండర్ గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో భారతదేశంలో కులాల పుట్టుక గురించి ఒక పత్రం చదివారు. కులానికి ప్రాణం సొంత కులంలోనే పెళ్లాడే అంతర్వివాహమేనని, ఆ కట్టు నిలవాలంటే ఆడామగా సంఖ్యల సమతూకం కాపాడాలి కాబట్టి సతి, వితంతువుల నిర్బంధం, బాల్యవివాహం వంటి ఆచారాలు పుట్టుకొచ్చాయని ఆయన వాదన. పైవారిని చూసి కిందివారు అనుకరించడం వల్ల కులం పాకిందని చెప్పడానికి ఫ్రెంచి పండితుడు గాబ్రియెల్ టార్డ్ అనుకరణ సిద్ధాంతాన్ని తోడు తెచ్చుకున్నారు. మరుసటి ఏడాది ఆ పత్రం 'ఇండియన్ యాంటిక్వరీ'లో అచ్చయింది. అయినా సోషియాలజీ తరగతి గదుల్లోకి అది చాలాకాలం అడుగు పెట్టలేదు. పాఠ్యప్రణాళికలు తయారు చేసిన పెద్దలు ఆ వ్యాసాన్ని రాజకీయ నాయకుడి రచనగా చూశారే తప్ప ఒక పరిశోధక విద్యార్థి రాసిన శాస్త్రంగా చూడలేదు. మన సోషియాలజీ చరిత్రలో ఇంతకంటే పెద్ద చిన్నచూపు నాకు కనపడలేదు.

అదే సమయంలో మద్రాసులో ఇంకో బాట పడింది. 1915లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అర్థశాస్త్ర ఆచార్యుడిగా వచ్చిన గిల్బర్ట్ స్లేటర్‌కు భారతీయ పల్లె ఎలా ఉంటుందో తెలియదు. తెలియదని ఆయనకు తెలుసు. అందుకని విద్యార్థుల చేతికి ఒక ప్రశ్నావళి ఇచ్చి, సెలవులకు సొంత ఊళ్లకు వెళ్లినప్పుడు నింపుకుని రమ్మన్నారు. ఎంత భూమి, ఎవరి చేతిలో, ఎన్ని ఎడ్లు, కూలి ఎంత, అప్పు ఎంత, ఇదీ వరస. అలా వచ్చిన ఊళ్ల కథనాలు 1918లో 'సమ్ సౌత్ ఇండియన్ విలేజెస్' పేరుతో వెలువడ్డాయి. పరిశోధకుడే ఆ ఊరి బిడ్డ కావడం ఈ పద్ధతిలో విశేషం. తర్వాతి తరంలో పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ ఆ ఊళ్లను మళ్లీ పరిశీలించి 1940లో ఫలితాలు అచ్చువేశారు. తెలుగు నేల మీద ఈ వరసకు దగ్గరగా నడిచినవారు గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి. రంగా. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చి, కృష్ణా డెల్టా పల్లెల ఆర్థిక వ్యవస్థపై 1926లో బెజవాడ నుంచి ఒక గ్రంథం ప్రచురించారు. రంగాను రైతు నాయకుడిగా గుర్తు పెట్టుకున్న మనం ఊరూరూ తిరిగి లెక్కలు రాసుకున్న పరిశోధకుడిగా మరిచిపోయాం.

ఇవన్నీ అర్థశాస్త్రం ముసుగులో జరిగిన సమాజ పరిశీలనలు. సోషియాలజీ అన్న పేరుతో ఎం.ఏ. స్థాయి చదువు స్థిరంగా నిలదొక్కుకున్నది బొంబాయిలో. 1914లో ప్రభుత్వం అందుకు నిధి మంజూరు చేసింది. 1919లో 'సోషియాలజీ అండ్ సివిక్స్' శాఖ ఏర్పడింది. అధిపతిగా వచ్చిన పాట్రిక్ గెడ్డెస్ స్కాట్లండ్ వాడు, చదివింది జీవశాస్త్రం, పేరు తెచ్చుకుంది నగర నిర్మాణంలో. మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్లండ్ పిలుపు మీద 1914లోనే ఆయన మన దేశానికి వచ్చారు. వెంట తేవాలనుకున్న నగరాల ప్రదర్శన సామగ్రిని మోస్తున్న ఓడను జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ ముంచేసింది. మద్రాసు మీద గుండ్లు కురిపించిన ఎమ్డెన్ ఇదే. స్నేహితులు మళ్లీ కూడబెట్టి పంపిన పటాలతో మద్రాసులో ప్రదర్శన నడిచింది. ఆ తర్వాత గెడ్డెస్ ఊళ్లు, పట్టణాలు కాలినడకన తిరిగి నివేదికలు రాశారు. ఇరుకు వీధులను పడగొట్టి వెడల్పు రోడ్లు వేయడం ఆయనకు గిట్టేది కాదు. ఇల్లిల్లూ చూసి, అవసరమైన చోట మాత్రమే ఒక గోడ తీసి, ఒక బావి శుభ్రం చేసి, ఉన్నవాళ్లను అక్కడే ఉండనివ్వాలనేవారు. అలా నడిచి చూసే అలవాటునే ఆయన బొంబాయి తరగతి గదిలోకి తెచ్చారు. చదువు ముందు చుట్టూ ఉన్న ప్రాంతాన్ని సర్వే చేయడంతో మొదలవ్వాలన్నది ఆయన పట్టు. పాఠం చెప్పడంలో ఆయనకు క్రమం తక్కువ, ఆలోచనలు ఎక్కువ. 1924లో ఇండియా విడిచి వెళ్లిపోయారు. అయితే వెళ్లేలోగా ఒక విద్యార్థిని ఎంపిక చేశారు.

గోవింద్ సదాశివ్ ఘుర్యే 1893లో కొంకణ తీరంలోని మాల్వణ్‌లో పుట్టారు. సంస్కృతంలో పట్టభద్రుడు. బొంబాయి నగరం మీద ఆయన రాసిన వ్యాసం గెడ్డెస్‌కు నచ్చి, విశ్వవిద్యాలయం విద్యార్థి వేతనంతో ఇంగ్లండుకు పంపింది. లండన్‌లో ఎల్.టి. హాబ్‌హౌస్ దగ్గర కొద్దికాలం చదివి, కేంబ్రిడ్జిలో డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ దగ్గరికి మారారు. 1922లో రివర్స్ హఠాత్తుగా చనిపోవడంతో ఎ.సి. హ్యాడన్ ఆధ్వర్యంలో పీహెచ్‌డీ ముగించారు. 1924లో బొంబాయి శాఖ పగ్గాలు చేతికి వచ్చాయి. 1959లో విరమించే దాకా, ముప్పై అయిదేళ్లు ఆ శాఖ అంటే ఘుర్యే, ఘుర్యే అంటే ఆ శాఖ.

ఘుర్యే స్వయంగా గ్రంథాలయపు మనిషి. కులం మీద 1932లో వచ్చిన ఆయన ప్రసిద్ధ గ్రంథంలో ధర్మశాస్త్రాలు, జనాభా లెక్కలు, తెల్ల అధికారుల నివేదికలు కనపడినంతగా ఊరు కనపడదు. అటువంటివాడు తన విద్యార్థులను మాత్రం బయటికి తరిమారు. ఎవరు ఏ ప్రాంతం నుంచి వస్తే ఆ ప్రాంతం, ఏ కులం నుంచి వస్తే ఆ కులం, ఏ వీధి తెలిస్తే ఆ వీధి వాళ్లకు పరిశోధనాంశమయ్యేది. ఇరావతీ కర్వే 1928లో చిత్పావన్ బ్రాహ్మణుల మీద వ్యాసం రాసి ఎం.ఏ. పొందారు. తన సొంత సముదాయాన్నే అద్దంలో పెట్టి చూసిన ఆ అమ్మాయి తర్వాత బెర్లిన్ వెళ్లి, పూనా డెక్కన్ కాలేజీలో శాఖను నిర్మించి, దేశంలోని బంధుత్వ వ్యవస్థలన్నిటినీ ఒకే పుస్తకంలోకి తెచ్చారు. ఉత్తరాది బంధుత్వానికీ మేనరికం చెల్లే మన దక్షిణాది బంధుత్వానికీ ఉన్న తేడాను ఎం.ఏ. విద్యార్థి నేటికీ నేర్చుకునేది 1953 నాటి ఆ పుస్తకం నుంచే. జి.ఆర్. ప్రధాన్ బొంబాయి నగరంలోని అంటరాని కార్మికుల బతుకును పరిశీలించారు. 1938లో అది పుస్తకమైంది. కె.టి. మర్చంట్ ప్రశ్నావళితో హిందూ యువతను పెళ్లి గురించి ఏమనుకుంటున్నారో అడిగి, 1935లో ఫలితాలు ప్రకటించారు. ఆ కాలంలో చదువుకున్న కుర్రకారును కాగితం ఇచ్చి పెళ్లి మీద అభిప్రాయం అడగడం చిన్న సాహసం కాదు. ఎ.ఆర్. దేశాయ్ మార్క్సిస్టు. గురువుకూ ఆయనకూ ఆలోచనల్లో చుక్కెదురు. అయినా భారత జాతీయోద్యమానికి ఉన్న సామాజిక మూలాల మీద సిద్ధాంతగ్రంథం ఘుర్యే దగ్గరే రాశారు. మొత్తం మీద ఎనభై దాకా పరిశోధనలు ఘుర్యే కింద పూర్తయ్యాయి. అందులో సగం దాకా పుస్తకాలయ్యాయి.

ఈ ఫలసాయానికి కారణం ఘుర్యే ప్రతిభ ఒక్కటే కాదు. బొంబాయిలో పేపర్లు రాసి పాసవడమే కాక, పరిశోధన వ్యాసం రాసి కూడా ఎం.ఏ. పట్టా పొందే వీలుండేది. విద్యార్థి రెండేళ్లూ ఒకే ప్రశ్న వెంట తిరగవచ్చు. అలా తిరిగినవాడికి పద్ధతి ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు. ఎవరిని అడగాలి, చెప్పింది నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి, ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ పొంతన కుదరకపోతే ఏం చేయాలి అన్నవి పని నడుస్తుండగానే ఎదురవుతాయి. 1921లో మొదలైన లక్నో శాఖలో రాధాకమల్ ముఖర్జీ, డి.పి. ముఖర్జీల దగ్గర ఆలోచన లోతు ఎక్కువ, వాదోపవాదాల రుచి ఎక్కువ. ఊళ్లకు పంపే పట్టుదల మాత్రం బొంబాయిదే.

శ్రీనివాస్ 1936లో మైసూరు మహారాజా కళాశాల నుంచి బొంబాయి వచ్చారు. మైసూరులో ఆయన ఇంటి వెనక వీధి కురుబలది. గొర్రెలు కాసే ఆ కులం వాళ్ల మాట, తిండి, పండగ, కొట్లాట అన్నీ తమ బ్రాహ్మణ వీధికి భిన్నమని చిన్నప్పుడే గమనించానని ఆయన తర్వాత రాసుకున్నారు. ఎం.ఏ. వ్యాసానికి రాతమూలాల మీదే ఎక్కువగా ఆధారపడ్డారు. దాని తర్వాత ఘుర్యే ఆయనను తమిళ, తెలుగు ప్రాంతాల్లో జానపద సామగ్రి సేకరణకు తిప్పారు. కొడగు ప్రజల మీద పరిశోధన 1944లో పీహెచ్‌డీ అయింది. ఆ సామగ్రినే ఆక్స్‌ఫర్డ్ తీసుకెళ్లి, మానవశాస్త్రవేత్తలు రాడ్‌క్లిఫ్-బ్రౌన్, ఇవాన్స్-ప్రిచర్డ్‌ల దగ్గర కొత్తగా అర్థం చెప్పుకున్నారు. 1952లో వెలువడిన ఆ గ్రంథమే 'సంస్కృతీకరణ' అన్న మాటను లోకానికిచ్చింది. కింది కులం పై కులం ఆచారాలను అందిపుచ్చుకుని మెట్టు ఎక్కజూడటం అన్న ఆలోచనకు, అంబేడ్కర్ 1916లో అనుకరణ గురించి చెప్పినదానికి చుట్టరికం ఉంది. ఇద్దరినీ ఒకే వారంలో పాఠం చెప్పే అధ్యాపకుడు దొరికిన విద్యార్థి అదృష్టవంతుడు.

1948లో శ్రీనివాస్ మైసూరు దగ్గరి ఒక పల్లెకు వెళ్లి కాపురం పెట్టారు. ఆ ఊరికి 'రాంపుర' అని మారుపేరు పెట్టారు. ఊరి పెద్ద తన ఎడ్ల కొట్టంలో బస ఇచ్చాడు. పుస్తకంలో ఉన్న సమాజం ఒకటి, ఊళ్లో కనపడే సమాజం ఒకటి అన్న తేడాను శ్రీనివాస్ జీవితమంతా చెబుతూ వచ్చారు. పుస్తకంలో నాలుగు వర్ణాలు కదలకుండా నిలబడతాయి. ఊళ్లో భూమి, తలల లెక్క, పైనుంచి అండ ఎవరికి ఉంటే వాళ్ల మాట చెల్లుతుంది. ఇందులోంచే 'ఆధిపత్య కులం' అన్న భావన వచ్చింది. మన పత్రికలు ఎన్నికలొస్తే చాలు వాడే 'ఓటు బ్యాంకు' అన్న మాట కూడా 1955లో ఆయన రాంపుర వ్యాసంలోంచి వచ్చినదే. తన చూపుకున్న హద్దునూ ఆయన దాచలేదు. బ్రాహ్మణుడై, ఊరి పెద్ద పంచన ఉన్నవాడికి మాలమాదిగల వాడ అంత తేలిగ్గా తెరుచుకోదు. ఆడవాళ్ల లోకం అసలే తెరుచుకోదు. 1970 ఏప్రిల్ 24న అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఆయన గదికి నిప్పంటుకుని, ఏళ్ల తరబడి సరిచేసుకున్న రాంపుర నోట్సు కాలిపోయింది. అమెరికా మానవశాస్త్రవేత్త సోల్ టాక్స్ ప్రోద్బలంతో జ్ఞాపకం మీద 'ది రిమెంబర్డ్ విలేజ్' రాశారు. 1976లో వచ్చిన ఆ పుస్తకం ఆయన రచనల్లోకెల్లా చదవడానికి హాయిగా ఉంటుంది. అందువల్ల నోట్సు అనవసరమని ఏ విద్యార్థీ అనుకోకూడదు. జ్ఞాపకంలో ఊరు నిలిచిందంటే కారణం అంతకు ముందు చేతితో రాసుకోవడమే.

హైదరాబాద్ సంస్థానంలో ఈ చదువుకు దారి వేసినది, వింతగా, రెండో ప్రపంచయుద్ధం. ఆస్ట్రియా దేశస్థుడైన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమండార్ఫ్ 1939లో ఇక్కడున్నారు. జర్మన్ పాస్‌పోర్టు ఉన్నందువల్ల శత్రుదేశ పౌరుడయ్యారు. సంస్థానం దాటి వెళ్లకూడదన్న షరతు మీద ఆయనను స్వేచ్ఛగా వదిలారు. కదలకూడదన్నారు కాబట్టి, ఆయన ఉన్నచోటనే లోతుగా తవ్వుకున్నారు. నల్లమల చెంచులు, గోదావరి కొండల రెడ్లు, ఆదిలాబాద్ గోండులు వరసగా ఆయన పుస్తకాల్లోకి వచ్చారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం పోరాటాన్ని తుపాకులతో అణచిన తర్వాత, గోండుల కష్టానికి మూలమేమిటో చెప్పమని నిజాం ప్రభుత్వం ఆయన్నే అడిగింది. అడవి చట్టాలు, భూమి అన్యాక్రాంతం, షావుకార్ల వడ్డీ అని ఆయన తేల్చారు. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. ఉస్మానియాలో ఆయన ఆచార్యుడయ్యారు; అక్కడి సోషియాలజీ చదువు ఆ నలభైలలో మొదలైనదే. 1970లలో తిరిగొచ్చి అవే ఊళ్లు చూశారు. తాను పట్టాలిప్పించిన భూములు కూడా చాలా చోట్ల గోండుల చేజారిపోయాయని 1982 నాటి పుస్తకంలో రాశారు. ఒకే ఊరిని రెండు తరాల ఎడంతో చూస్తే తప్ప బయటపడని నిజాలు ఇలాంటివి.

ఆయన 1949లో లండన్ వెళ్లిపోయాక ఉస్మానియాలో ఈ పనిని ముందుకు తీసుకెళ్లింది శ్యామాచరణ్ దూబే. మధ్యప్రదేశ్ ప్రాంతం వాడు, కమార్ అనే ఆదివాసీ తెగ మీద పరిశోధన చేసినవాడు. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం సమాజ సేవా విస్తరణ ప్రాజెక్టు ఒకటి చేపట్టి, హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న శామీర్‌పేటను ఎంచుకుంది. వ్యవసాయం, పశువైద్యం, వైద్యం వంటి వేర్వేరు శాఖల విద్యార్థులు, అధ్యాపకులు ఊరికి వెళ్లారు. ఒకరు పశువులను చూస్తుంటే, ఇంకొకరు రోగులను చూస్తుంటే, దూబే బృందం ఇంటింటి లెక్కలూ ఆచారాలూ రాసుకుంది. అప్పుడు ఈ ప్రాంతం ఏ స్థితిలో ఉందో గుర్తుచేసుకోవాలి. పోలీసు చర్య జరిగి మూడేళ్లు. జాగీర్దారీ రద్దయి రెండేళ్లు. సాయుధ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబర్‌లో. అటువంటి వేళ పట్నం నుంచి చదువుకున్న పిల్లలు వచ్చి మీ ఇంట్లో ఎంతమంది, ఏం తింటారు, ఏ దేవతకు మొక్కుతారు అని అడగడం ఊరివాళ్లకు ఎలా తోచిందో ఊహించవచ్చు. చేతిలో మందులూ, విత్తనాలూ లేకుండా ప్రశ్నలు మాత్రమే తీసుకెళ్లి ఉంటే అన్ని తలుపులు తెరుచుకునేవి కావని నా అభిప్రాయం.

1955లో లండన్ నుంచి శామీర్‌పేట మీద దూబే రాసిన 'ఇండియన్ విలేజ్' వెలువడింది. ఊరి నేపథ్యం, కులవ్యవస్థ, ఆర్థిక వ్యవస్థ, పండగలూ పూజలూ, కుటుంబ బంధాలు, జీవన ప్రమాణాలు, మారుతున్న కాలం అంటూ సాగే ఆ అమరిక తర్వాతి ఎన్నో గ్రామ పరిశీలనలకు మూస అయింది. మంచికీ, చెడుకీ కూడా. విషయం ఏదైనా ఆ వరసలోనే అధ్యాయాలు పేర్చే వ్యాసాలు ఇప్పటికీ వస్తుంటాయి. అదే ఏడాది శ్రీనివాస్ సంపాదకత్వంలో 'ఇండియాస్ విలేజెస్', మెకిమ్ మారియట్ సంపాదకత్వంలో 'విలేజ్ ఇండియా' కూడా వచ్చాయి. శామీర్‌పేట వల్ల దూబేకు ఇంకో సంగతి పట్టుబడింది. ఊళ్లో చెల్లుబాటు అయ్యేది కులం మాటా, ఆ కులంలోని కొద్దిమంది మాటా అన్న ప్రశ్న. ఆధిపత్యం మొత్తం కులానికి పంచి ఇవ్వదగినది కాదని, కొన్ని ఇళ్ల చేతిలో, ముఠాల చేతిలో ఉంటుందని 1968లో ఆయన శ్రీనివాస్ భావనను ఎదిరించారు. దేశ్‌ముఖ్‌ల గడీలు చూసిన తెలంగాణ పాఠకుడికి ఆ వాదన వెంటనే బోధపడుతుంది. ఎం.ఏ. తరగతిలో ఈ వివాదాన్ని రెండు నిర్వచనాలుగా కంఠస్థం చేయిస్తారు. నిజానికి అది రెండు ఊళ్ల మధ్య వివాదం. రాంపుర చూసినవాడికీ శామీర్‌పేట చూసినవాడికీ అధికారం ఒకేలా కనపడలేదు.

దూబే సహచరి లీలా దూబే గోండు స్త్రీల మీద పరిశోధన చేసి, తర్వాత లక్షదీవుల్లోని కల్పేనిలో ముస్లింల మాతృవంశ వ్యవస్థను పరిశీలించారు. మగ పరిశోధకులకు గుమ్మం దగ్గరే ఆగిపోయిన విషయాలు ఆమె వల్ల శాస్త్రంలోకి వచ్చాయి.

అప్పటికే దేశానికి అంకెల ఆకలి పుట్టింది. 1950లో పి.సి. మహలనోబిస్ చొరవతో జాతీయ నమూనా సర్వే మొదలైంది. 1953లో ప్రణాళికా సంఘం పరిశోధనా కార్యక్రమాల కమిటీ ఏర్పడి విశ్వవిద్యాలయాలకు సర్వేల కోసం డబ్బు ఇవ్వసాగింది. 1936లో బొంబాయి నాగ్‌పాడాలో సర్ దోరాబ్జీ టాటా పేరిట మొదలై, 1944లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌గా మారిన సంస్థలో ఫీల్డ్‌వర్క్ అంటే బస్తీల్లో, ఆసుపత్రుల్లో సేవ చేస్తూ నేర్చుకోవడం. ఇలా ఒకే పదం కింద మూడు వేర్వేరు పనులు చేరాయి: ఏడాది పాటు ఒక ఊళ్లో ఉండటం, పదిమంది గణకులతో పట్టికలు నింపించడం, వారానికి రెండు రోజులు సేవాకేంద్రానికి వెళ్లడం. 1959లో ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో సోషియాలజీ శాఖ స్థాపించడానికి వెళ్లిన శ్రీనివాస్ మొదటి పద్ధతి పక్షాన గట్టిగా నిలిచారు. ఆ శాఖలో చేరిన ఆంద్రే బెతెయ్ తంజావూరు జిల్లాలోని ఒక ఊళ్లో ఉండి చేసిన పరిశీలన 1965లో పుస్తకమై, కులం, వర్గం, అధికారం ఎలా విడిపోతున్నాయో చూపింది.

అయితే అది పీహెచ్‌డీ పని. ఎం.ఏ. మాత్రం క్రమంగా పేపర్ల చదువైంది. దానికి కారణాలు అర్థం చేసుకోదగినవే. 1960ల తర్వాత విశ్వవిద్యాలయాలు పెరిగాయి, తరగతులు నిండాయి, ఒక్కొక్క విద్యార్థినీ ఊరికి పంపి వెంట ఉండే అధ్యాపకులు అంతమంది లేరు. డర్క్‌హైమ్, వెబర్, మార్క్స్ చదవకుండా ఊరికి వెళ్లినవాడికి కనపడేది తక్కువ కాబట్టి సిద్ధాంతం పేపర్లకు చోటు కావలసిందే. మధ్యలో ఎం.ఫిల్. అనే మెట్టు వచ్చి, పరిశోధన నేర్పే భారం తన మీద వేసుకుంది. ఎం.ఏ.లో చదువుకో, ఎం.ఫిల్.లో చిన్న పరిశోధన చెయ్యి, పీహెచ్‌డీలో పెద్దది చెయ్యి అన్న పంపకం స్థిరపడింది. 1969లో ఏర్పడిన భారత సామాజిక శాస్త్ర పరిశోధనా మండలి నిధులు కూడా ఆ పై మెట్లకే ఎక్కువగా చేరాయి. ఎం.ఏ. ప్రాజెక్టు మిగిలింది గానీ దానికి మార్కులున్నాయి, మర్యాద లేదు. సీనియర్ ప్రశ్నావళిలో ఊరి పేరు మార్చి, సర్పంచి ఇంటి అరుగు మీద కూర్చుని ఒక్క పూటలో నింపి, శాతాల పట్టికలు గీసి ఇచ్చేస్తే పని అయిపోతుంది. ఊళ్లో అడిగే మొదటి మాట, ఇందువల్ల పింఛను వస్తుందా, ఇల్లు వస్తుందా అని. ఆ మాటకు జవాబివ్వలేక తడబడే విద్యార్థికి పరిశోధనా పద్ధతుల పేపర్ సాయపడదు.

ఈ మధ్యలో ఎవరూ ప్రణాళిక వేయకుండానే ఒక పెద్ద మార్పు వచ్చింది. పూర్వం ఎవరి గురించి రాశారో వాళ్ల పిల్లలే ఇప్పుడు ఎం.ఏ. తరగతిలో ఉన్నారు. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో సోషియాలజీ చదువుతున్నవారిలో దళిత, వెనుకబడిన, ఆదివాసీ కుటుంబాల నుంచి తొలి తరంగా వచ్చినవారు ఎందరో. శ్రీనివాస్‌కు తెరుచుకోని వాడ వీళ్లకు సొంతిల్లు. స్లేటర్ తన విద్యార్థుల నుంచి ఆశించినది ఇప్పుడు ఇంకా విస్తృతంగా సాధ్యం. కానీ సొంతవాళ్ల గురించి రాయడంలో వేరే చిక్కు ఉంది. అంతా తెలిసినట్టే ఉంటుంది కాబట్టి అడగాలని తోచదు. మేనమామ చెప్పే మాటను సమాచారంగా రాసుకోవడం, ఇంటి గొడవను కులపు కథగా చూడడం నేర్చుకోవలసిన విద్య. కర్వే 1928లో చేసింది అదే. ఆ విద్య తర్వాతి పట్టా కోసం ఆగకుండా ఎం.ఏ.లోనే రావాలి.

ఎందుకంటే ఇక మధ్య మెట్టు లేదు. యూజీసీ 2022 నవంబర్ నిబంధనలతో ఎం.ఫిల్. రద్దయింది. పీహెచ్‌డీకి ముందు పరిశోధన చేసి చూసుకోవడానికి చాలామందికి మిగిలిన అవకాశం మళ్లీ ఎం.ఏ. వ్యాసమే. పీహెచ్‌డీ గ్రంథాలను 'శోధ్‌గంగ' అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ఎం.ఏ. వ్యాసాలకు అటువంటి చోటు లేదు. మూల్యాంకనం అయిపోయాక అవి శాఖ గదిలో అలమరల మీద కొన్నాళ్లు ఉండి, తర్వాత తూకానికి పోతాయి. వాటిలో చాలావరకు పోయినా నష్టం లేనివే కావచ్చు. కానీ ఏ మారుమూల ఊరి నీటి తగాదా, ఏ నేత కాలనీ అప్పుల లెక్క, ఏ తండా పెళ్లి ఖర్చు వాటిలో మాత్రమే రాసి ఉందో చదవకుండా ఎవరం చెప్పలేం. తెలుగు విశ్వవిద్యాలయాల సోషియాలజీ శాఖలు ప్రతి ఎం.ఏ. వ్యాసం ప్రతిని ఒకటి గ్రంథాలయంలో జాబితాకెక్కించి భద్రపరచాలి. మరొకటి, మనుషుల పేర్లు మార్చి, తెలుగులో సారాంశం జోడించి, పరిశీలించిన ఊరి పంచాయతీకి పంపాలి. ఇందుకు కొత్త నిధులూ, కొత్త కమిటీలూ అక్కర్లేదు. శాఖాధిపతి ఒక ఉత్తర్వు ఇస్తే వచ్చే విద్యా సంవత్సరం నుంచే మొదలుపెట్టవచ్చు.